గాలి నోరు కట్టిన కళావతి

కళావతి మంచి మనిషని ఎవరూ అనగా నేను వినలేదు. పలకరిస్తే పోట్లాటకు వచ్చినట్టు జవాబిచ్చేది. పనిచేసే చోట ఆమె బల్ల మీద ఎవరైనా చెయ్యి ఆనించినా ఊరుకునేది కాదు. అయినా మా సంస్థలో పనిచేసిన అంతమందిలోనూ నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి ఆమే.

ఆ సంస్థ ఇప్పుడు లేదు. డెబ్బైలలో బార్కస్ దాటాక, రాళ్ళగుట్టల పక్కన రేకుల షెడ్లలో నడిచేది. ప్రభుత్వానిదే. అందులో ఒక చిన్న గాలి సొరంగం ఉండేది. ఒక చివర పెద్ద పంకా, మధ్యలో చెక్కతో కట్టిన గొట్టంలాంటి గది. విమానం రెక్క నమూనాను అక్కడ నిలబెట్టి, పంకా తిప్పి, గాలికి ఆ రెక్క ఎలా ప్రవర్తిస్తుందో కొలిచేవారు. కళావతి ఆ రెక్కలు చెక్కేది. నేను వాటి ఫొటోలు తీసేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నేను కళ్ళారా చూశాను. మిగిలింది ఆమె చెప్పగా విన్నాను.

ఆమె పుట్టిల్లు ధూల్‌పేట. తండ్రి తలుపులకూ మంచం కోళ్ళకూ నగిషీలు చెక్కేవాడు. మగపిల్లలు లేక కూతురికే ఉలి పట్టడం నేర్పాడు. పురానాపూల్ దగ్గర గల్లీలో ఉండే అంజన్‌కిచ్చి పెళ్ళి చేశాడు. అంజన్ మా సంస్థలోనే నమూనాలు చెక్కే వడ్రంగి. డెబ్బై ఆరులో కామెర్లు వచ్చి పోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు.

ఉద్యోగంలో ఉండగా పోయిన మనిషి ఇంట్లో ఒకరికి పని ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ పని తనదేనని అంజన్ తమ్ముడు ఓదెలు అనుకున్నాడు. అత్త కృష్ణమ్మ కూడా అదే అనుకుంది.

"ఆడిదానివి, నీకు నౌకరి ఎందుకే? ఓదెలుకు రాసియ్యి. నీ బతుకు వాడు సూస్కుంటడు" అంది.

"ఎట్ల సూస్కుంటడో జూసిన అత్తా. నీ పెద్దకొడుకు దినాలన్న కాకముందే నా పెట్టె తాళం ఇరగ్గొట్టిండు."

"నా పెనిమిటి కట్టిన ఇల్లిది. నోరు తగ్గించు."

"నా పెనిమిటి గూడ ఈ ఇంట్లనే సచ్చిండు. నేను యాడికీ పోను, నౌకరీ ఇయ్య."

ఆ రోజు నుంచి ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగాయి. కళావతికి వీధివైపు గది మిగిలింది. లోపలి గదుల్లో కృష్ణమ్మ, ఓదెలు, అతని భార్య, వాళ్ళ చిన్న కూతురు ఉండేవారు. నీళ్ళ కుళాయి దగ్గర, దొడ్డి దగ్గర, ముగ్గు వేసే గుమ్మం దగ్గర, దేనికైనా లొల్లే.

సంస్థలో పరిస్థితి అంతకన్నా మెరుగేమీ కాదు. వడ్రంగి షెడ్డుకు ఫోర్మన్ బాబురావు. మొదటి రోజే ఆమె చేతికి చీపురిచ్చాడు. "గీడ పనిజేసెటోళ్ళంత మొగోళ్ళు. ఊడ్సుడు, చాయ్ తెచ్చుడు నీ పని. ఉలి ముట్టకు" అన్నాడు. ఆమె కొన్నాళ్ళు ఊడ్చింది. తర్వాత ఒక పొద్దున చీపురు తీసుకుపోయి డైరెక్టర్ గది ముందు అడ్డంగా పెట్టి, దాని పక్కనే కూర్చుంది. ఎవరు లేపినా లేవలేదు. "ఆయన బల్ల నాకియ్యిండ్రి, లేకుంటే ఈడ్నే కూసుంట" అంది. సాయంత్రానికల్లా అంజన్ బల్ల ఆమెకు దక్కింది. బాబురావు మాత్రం ఆ అవమానం మరిచిపోలేదు. మంచి టేకు మగవాళ్ళకిచ్చి, ముడులున్న కర్ర ఆమెకు పడేసేవాడు.

డెబ్బై ఎనిమిదిలో త్రిపురసుందరి వచ్చింది. పూర్తి పేరు బాలత్రిపురసుందరి. తెనాలి పిల్ల. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. రెక్కల చప్పుడు తగ్గించే పని చూస్తున్న రాధాకృష్ణమూర్తి గారి దగ్గర సైంటిఫిక్ అసిస్టెంట్‌గా చేరింది. ఆవిడ మొదటిసారి షెడ్డులోకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"నువ్వేనా కళావతివి? ఈ డ్రాయింగ్ చూడు."

"నేనే. నువ్వేనా కొత్త మేడమ్‌వి?"

త్రిపురసుందరి మొహం ఎర్రబడింది. "అదేమిటి, నన్ను నువ్వంటున్నావు?"

"మరి నువ్వు నన్నేమన్నవ్?"

షెడ్డులో మగవాళ్ళు నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో ఆ ఇద్దరికీ తెలియలేదు. ఎదుటామె తరఫునే నవ్వారని ఇద్దరూ అనుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం, రెండడుగుల దూరంలో నిలబడి కూడా, మాట చెప్పాలంటే బాబురావు ద్వారా చెప్పించుకునేవారు. "ఆ అమ్మాయి యాస నాకు అర్థం కాదండీ" అనేది త్రిపురసుందరి. "గామె రేడియోల వార్తలు సదివినట్టు మాట్లాడ్తది" అనేది కళావతి.

ఇక ఆ పని సంగతి. కళావతి చెక్కిన ఒక రెక్క, గాలి ఒక వేగానికి చేరగానే ఈల వేసేది. పంకా హోరును దాటుకుని, చెవిలో సూది దించినట్టు వినిపించేది. గొంతు సన్నగా మొదలై, వేగం పెరిగేకొద్దీ ఇంకా పైకి పోయేది. అటు రోడ్డు మీద పోయే రిక్షావాళ్ళు కూడా ఆగి చూసేవారు. మూర్తిగారు మాకందరికీ ఒకసారి విడమరిచి చెప్పారు. రెక్క మీదుగా నున్నగా జారిన గాలి, వెనకంచు దగ్గర సుడులు సుడులుగా విడిపోతుంది. ఆ సుడులన్నీ ఒకే లయలో పడితే ఈల పుడుతుంది. ముందంచు దగ్గరే గాలిని కాస్త చెదరగొడితే సుడులకు లయ కుదరదు. ఈల ఆగిపోతుంది. చెదరగొట్టడం ఎలాగన్నదే ప్రశ్న.

గుడ్లగూబకు అది తెలుసన్నారాయన. అది ఎలుక మీదికి దిగేటప్పుడు చప్పుడు రాదు. దాని రెక్కలో అన్నిటికన్నా ముందుండే ఈకకు, గాలిని తాకే అంచు పొడవునా దువ్వెన పళ్ళలాంటి సన్నని కొసలుంటాయి. రెక్క ముందంచుకు అలాంటి పళ్ళు పెట్టి చూడాలని ఆయన ఆలోచన.

త్రిపురసుందరి జూపార్కుకు పోయి, గుడ్లగూబల బోను దగ్గర రాలిన ఈక ఒకటి కాపలాదారుని బతిమాలి తెచ్చింది. నేను దాన్ని దగ్గరగా ఫొటో తీశాను. ఆవిడ ఆ ఈకను ఒక కాగితంలో పెట్టి షెడ్డుకు పంపింది. బాబురావు కాగితం విప్పి చూసి, పాముని పట్టుకున్నట్టు విసిరేశాడు. గుడ్లగూబను అక్కడివాళ్ళు పైడికంటె అంటారు, దాని ఈక కూడా అపశకునమే.

"పైడికంటె ఈక! షెడ్డులకు గిది తెస్తరా? మిషిన్ల కాడ చేతులు పెట్టెటోళ్ళం. తీసి అవతల పారేయిండ్రి!"

ఊడ్చిన చెత్తలో నుంచి కళావతి ఆ ఈకను ఏరుకుంది. దాని అంచును వేలితో రాసి చూసింది. అంత మెత్తని పళ్ళు ఆమె ఎక్కడా చూడలేదు. షెడ్డులో ఉంచితే బాబురావు కాల్చేస్తాడు. త్రిపురసుందరికి తిరిగిచ్చి, దాచిపెట్టమని అడగడానికి నోరు రాదు. ఆదివారం పగటి వెలుతురులో తీరిగ్గా చూసి, కర్రముక్క మీద ఆ వంపు దించుకుందామని పాత పేపర్లో చుట్టి ఇంటికి తీసుకుపోయింది. తన గదిలో, ఉలులు పెట్టుకునే గూట్లో ఉంచింది.

ఆ వారమే ఓదెలు కూతురికి జ్వరం తగిలింది. వదలలేదు. చార్మినార్ దవాఖానాలో ఇచ్చిన మందు వాంతి చేసుకుంటోంది. కళావతి గదిలో లేని సమయం చూసి కృష్ణమ్మ లోపలికి వెళ్ళింది. ఏం వెతకడానికి వెళ్ళిందో ఆమెకే తెలియాలి. గూట్లో పేపరు చుట్ట దొరికింది.

ఆదివారం పొద్దున కళావతి కుళాయి దగ్గర నీళ్ళు పడుతుండగా లోపల కృష్ణమ్మ కేక పెట్టింది. ఓదెలు ఆ ఈకను పుల్లతో ఎత్తి పట్టుకుని వీధిలోకి వచ్చాడు.

"సూడుండ్రి! మా ఇంట్ల ఏం దొరికిందో సూడుండ్రి! నా బిడ్డ మీద బాణామతి జేస్తున్నది గీమె!"

ఆ మాట వినగానే తలుపులన్నీ తెరుచుకున్నాయి. చేతబడిని తెలంగాణలో బాణామతి అంటారు. ఆ రోజుల్లో ఆ మాట గాలిలోనే ఉండేది. ఫలానా ఊళ్ళో ఫలానావాడి నోరు పడిపోయిందట, ఫలానా ఆమె కుక్కలా మొరుగుతోందట అని రోజూ ఏదో ఒకటి వినేవాళ్ళం. చేసిందని అనుమానం వచ్చిన మనిషి పళ్ళు పీకేస్తే మంత్రం పలకదని ఒక నమ్మకం.

"గది ఆఫీసుది! రెక్క చెక్కుటానికి తెచ్చిన!" అని కళావతి అరిచింది.

"పైడికంటె ఈకతోని ఆఫీసు పనా? పిచ్చోళ్ళ లెక్క కనబడ్తున్నమా?" అన్నాడు ఎవడో.

"బిడ్డలు లేని మనిషి. పరాయి బిడ్డను సూసి ఓరుస్తదా?" అంది ఒకామె. ఆమె కాన్పుకు అంతకు ముందు ఏడే కళావతి నీళ్ళు మోసింది.

కళావతి గదిలోకి ఉరికి ఉలి తీసుకుని గుమ్మంలో నిలబడింది. "రాండ్రి. ఎవడొస్తడో రాండ్రి" అంది. ఎదురుగా ఉన్నవాళ్ళు ఆగారు. వెనక గోడ దూకి వచ్చినవాళ్ళు చేతులు పట్టుకున్నారు. ఓదెలు చేతిలో పట్కారు ఉంది. గల్లీకి పెద్దమనిషి గుండయ్య కర్ర పోటేసుకుంటూ వచ్చి "ఆగుండ్రిరా, పోలీసు లొల్లి అయితది" అనేసరికి ఆమె పైపన్ను ఒకటి విరిగిపోయింది. పెదవి చీలింది. ఓదెలు ఈకను ఆమె కళ్ళముందే కాల్చాడు. ఉలులు, చిత్రిక, తండ్రి ఇచ్చిన చిన్న రంపం, అన్నీ తీసుకుపోయి మూసీలో పారేశారు.

గుండయ్య ఆమెను కాపాడాడని అనలేం. "మల్ల ఈ గల్లీల కనపడకు బిడ్డా. నా మాట ఎవ్వడూ ఇంకోసారి ఇనడు" అన్నాడు.

సోమవారం ఆమె పనికి వచ్చింది. పెదవి ఉబ్బి, మొహం గుర్తుపట్టలేకుండా ఉంది. బాబురావు చూసి మొహం తిప్పుకున్నాడు. ఈ లోపల త్రిపురసుందరి షెడ్డుకు వచ్చింది. కళావతి వీపు ఆమె వైపు ఉంది.

"బాబురావు గారూ, ఈక ఏదండీ?"

"కాలవెట్టిండ్రు" అంది కళావతి, తిరగకుండానే.

"ఎవరు? ఎక్కడ?"

"మా ఇంటికాడ."

"ఆఫీసు వస్తువు నువ్వు ఇంటికెందుకు తీసుకెళ్ళావు? ఎవరినడిగి తీసుకెళ్ళావు?"

కళావతి అప్పుడు తిరిగింది. త్రిపురసుందరి ఒక అడుగు వెనక్కి వేసింది. కళావతి ఒక్కొక్క ముక్కా నమిలి ఉమ్మినట్టు జరిగినదంతా చెప్పింది. చివర "నీ ఈక పోయిందని బాధ పడ్తున్నవా? పో, ఇంకోటి తెచ్చుకో" అంది.

ఆ సాయంత్రం త్రిపురసుందరి చేసిన పని ఎవరూ ఊహించలేదు. ఎవరికీ చెప్పకుండా, రిక్షా కట్టించుకుని పురానాపూల్ గల్లీకి వెళ్ళింది. ఓదెలు ఇంటి ముందు నిలబడి, ఆ ఈక తనదని, గుడ్లగూబ కూడా అన్ని పక్షుల్లాంటిదేనని, దాని ఈక అంచు గాలిని చీల్చే తీరును తాము పరిశోధిస్తున్నామని క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పింది. జనం ముందు నోళ్ళు తెరిచి విన్నారు. తర్వాత ఎవరో అన్నారు: "మంత్రం నేర్పింది గీ ఆంధ్రామేనట. తనే ఒప్పుకుంటున్నది." మురిక్కాలవలో బురద ఆమె చీర మీద పడింది. రిక్షావాడు ఆమెను ఎక్కించుకుని బతుకుజీవుడా అని పారిపోయాడు.

మర్నాడు కళావతికి ఆ సంగతి తెలిసింది. షెడ్డు దాటి, మగవాళ్ళు చూస్తుండగా, నేరుగా త్రిపురసుందరి గదిలోకి వెళ్ళింది.

"నిన్నెవరు పొమ్మన్నరు?"

"నిజం చెప్పడానికి వెళ్ళాను."

"నీ నిజంతోని నాకు ఆ ఇంట్ల అడుగు పెట్టే దారి గూడ మూసుకపాయె. ఇన్నొద్దులు నేనొక్కదాన్నే మంత్రగత్తెను. ఇప్పుడు నాకు గురువు గూడ దొరికింది."

"నీ కోసం వెళ్ళాననుకుంటున్నావా? నేను తెచ్చిన వస్తువు గురించి తప్పుడు మాట పుట్టింది. అందుకు వెళ్ళాను."

"మంచిది. నా కోసమని ఎన్నడూ రాకు."

కళావతికి బార్కస్‌లో గది దొరికింది. ఇల్లు ఒక అరబ్బుల వంశపు ముసలామెది. అందరూ బడీ బీ అనేవారు. ఆమెకు కూడా మాట చేరిపోయింది. "జాదూ కర్తీ కతే తూ?" అని అడిగింది. మంత్రాలు చేస్తావట కదా అని. "కర్తీ తో కర్. షోర్ నక్కో కర్" అని తాళంచెవి చేతిలో పెట్టి తలుపేసుకుంది. మంత్రాలు చేస్తే చేసుకో, గోల మాత్రం చెయ్యకు అని. ఆ గదిలో ఆమె ఏడాదికి పైగా ఉంది. ఆ ఏడాదంతా బడీ బీ ఆమెతో మళ్ళీ మాట్లాడిన గుర్తు లేదంది.

ఆమె ఓదెలు మీద పోలీసు కేసు పెట్టింది. పెదవి కుట్లు మానకముందే రెక్క పని మొదలుపెట్టింది. ఈక లేదు కాబట్టి నేను తీసిన ఫొటోను పెద్దది చేసి ఇచ్చాను. కర్రలో అంత సన్నని పళ్ళు నిలవవు. పత్తర్‌గట్టి వెనక సందులో పలచని ఇత్తడి రేకు కొని తెచ్చింది. దాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, ఒక అంచున ఆకురాయితో పళ్ళు దించింది. మొదటి పట్టీలు చాలా విరిగిపోయాయి. కుదిరిన దాన్ని రెక్క ముందంచు మీద, సరిగ్గా ముక్కు కొసన మైనంతో అతికించింది.

పంకా తిప్పారు. ఈల అలాగే వచ్చింది. పైగా దాని మీద పాము బుసలాంటి మరో చప్పుడు చేరింది. బాబురావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రెక్కకు పండ్లు మొలిసినయ్, ఇగ కొరుకుతది" అన్నాడు. పళ్ళ మాట ఆమె ముందు ఎత్తినందుకు నాకు ఒళ్ళు మండింది.  మూర్తిగారు ఆలోచన విరమించుకుందామన్నారు.

త్రిపురసుందరి విరమించుకోలేదు. రెక్క ముందంచు పొడవునా నూలుపోగులు అతికించి, గాలి వదిలి, అవి ఏ వైపు వాలుతున్నాయో చూసింది. తర్వాత షెడ్డుకు వచ్చి, ఇన్నాళ్ళ తర్వాత, బాబురావును పక్కకు తప్పించి కళావతితో నేరుగా మాట్లాడింది.

"పట్టీ కిందికి దించాలి. ముక్కు కింద పెట్టాలి."

"ఫోటోల ముందంచుకే ఉన్నయి గద పండ్లు. నీకు ఈక కన్న ఎక్కువ తెలుసా?"

"ఈ రెక్కని మనం ముక్కు పైకెత్తి పెట్టాం. గాలి ముక్కు కొసని తగలట్లేదు, దాని కిందుగా తగిలి అక్కడే రెండుగా చీలుతోంది. దారాలు చూడు, నమ్మకపోతే."

కళావతి నమ్మలేదు. వెళ్ళి చూసింది. కొస కింద దారాలు ఒక గీత దగ్గర అటొకటి ఇటొకటి విడిపోతున్నాయి. చాలాసేపు చూసి "పట్టీ ఇంత మందమైతే గీడ బుస కొడ్తది. పలచగ జేయాలె" అని మాత్రం అంది. త్రిపురసుందరి చెప్పింది నిజమని అనలేదు. ఆవిడ కూడా పలచని పట్టీ ఆలోచన బాగుందని అనలేదు. మళ్ళీ ఇత్తడి రేకు వచ్చింది. కళావతి దాన్ని సుత్తితో కాగితమంత పలచన చేసింది. దంచేటప్పుడు ఆమె మొహం చూసి ఎవరూ దగ్గరికి పోయేవారు కాదు.

ఈసారి పంకా తిప్పినప్పుడు అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. వేగం పెరిగింది. ఈల రావలసిన వేగం వచ్చింది, దాటింది. పంకా హోరు తప్ప ఏమీ లేదు. త్రిపురసుందరి ఆపమని, పట్టీ తీసేసి మళ్ళీ తిప్పమంది. ఈల వచ్చింది. పట్టీ పెడితే పోయింది. మూర్తిగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో తలుపు నుంచి బయటికి వెళ్ళిపోయారు.

ఈలోగా కేసు కోర్టుకు వెళ్ళేలా ఉందని గుండయ్య భయపడ్డాడు. గల్లీలో చాలామంది పేర్లు అందులో ఉన్నాయి. బార్కస్ దాకా వచ్చి, రాజీ పడమని కళావతిని అడిగాడు.

"పడ్త పెద్దయ్యా. కని ఒక్క షరతు. మా ఆఫీసుల ఉద్యోగుల ఇంటోళ్ళకు అన్నీ సూపెట్టే దినమొకటి ఉన్నది. అత్తను, ఓదెలును తోల్కరా. ఆ ఈకతోని నేనేం పని జేసిననో కండ్లతోని సూడాలె. సూసి, తప్పయిందని గల్లీ అందరి ముందర అనాలె."

గుండయ్య ఒప్పుకున్నాడు. ఆ రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆమె మొహంలో ఆశలాంటిది చూడటం నాకు అదే మొదలు. గుండయ్య ముందు, కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక, ఆ వెనక ఓదెలు వచ్చారు. మిగతా ఉద్యోగుల పెళ్ళాం పిల్లలు కూడా గుమిగూడారు. త్రిపురసుందరి యంత్రం దగ్గర నిలబడింది. గల్లీవాళ్ళను గుర్తుపట్టి బిగుసుకుపోయింది గానీ పని ఆపలేదు.

పంకా తిరిగింది. ఈల లేచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. కృష్ణమ్మ గోడకు అతుక్కుపోయింది. పంకా ఆపారు. కళావతి పట్టీని అందరికీ ఎత్తి చూపించి, రెక్క కిందుగా మైనంతో అతికించి, బొటనవేలితో నొక్కింది. మళ్ళీ పంకా తిరిగింది. ఈల రాలేదు.

"సూసినవా అత్తా? గీ పండ్ల కోసమే ఆ ఈక తెచ్చిన. మంత్రం లేదు, ఏం లేదు. గాలి గీడ చెదిరిపోతది, ఇగ కూత రాదు."

కృష్ణమ్మ రెండు చేతులూ జోడించింది. అయితే కళావతికి కాదు, గుండయ్యకు.

"సూస్తివా గుండన్నా! మనుషులు సాలలేదు దీనికి. గాలి నోరు గూడ కట్టేసింది!"

 ఓదెలు అప్పటికే గుమ్మం దాటాడు. గుండయ్య కర్ర ఊతంగా నేల చూస్తూ నిలబడ్డాడు. కళావతి మొహంలో ఆ ఆశలాంటిది ఆరిపోవడం నేను చూశాను. త్రిపురసుందరి ముందుకు వచ్చి "అది కాదమ్మా, గాలి సుడులు..." అని మొదలుపెట్టింది. కళావతి చెయ్యి ఎత్తి ఆపింది.

"చాలు. ఇగ చెప్పకు."

తర్వాత ఆమె అత్త వైపు నడిచింది. కృష్ణమ్మ వెనక్కి పోవడానికి చోటు లేదు.

"అవునే అత్తా. కట్టేసిన. గాలి నోరే కట్టినదాన్ని, మీయి ఎంతసేపు? ఎల్లుండి ఆదివారం నా అర్రకు నేనొస్తున్న. తాళం తీసి పెట్టుమను నీ కొడుకును."

చెప్పినట్టే ఆదివారం పెట్టె నెత్తిన పెట్టుకుని పురానాపూల్ గల్లీలోకి నడిచింది. ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. ఆమె గదికి తాళం లేదు. ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు పక్కకు జరిగేవి. ఆమెను చూసి తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. జ్వరం తగ్గి ఆడుకుంటున్న ఓదెలు కూతుర్ని కూడా. కొన్నాళ్ళకు ఓదెలు భార్యనూ పిల్లనూ తీసుకుని మామగారి ఊరు వెళ్ళిపోయాడు. కృష్ణమ్మ మాత్రం భర్త కట్టిన ఇల్లు విడవనంది. కేసు సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు.

రెక్క పని ఎక్కువ దూరం సాగలేదు. మూర్తిగారు బెంగుళూరులో ఒక సభలో దాని గురించి చదివారు. ఆసక్తిగా విన్నారన్నారు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఎనభై రెండులో త్రిపురసుందరికీ బెంగుళూరుకు అయింది. వెళ్ళే ముందు షెడ్డుకు వచ్చింది.

"ఆ పట్టీ ఒకటి నాకు కావాలి. అక్కడ పని కొనసాగిస్తాను."

"ఆఫీసు వస్తువు. ఎవరినడిగి తీస్కపోతవ్?"

త్రిపురసుందరి ఆమె వైపు చూసి వెళ్ళిపోయింది. బెంగుళూరులో కొత్త పట్టీ చేయించుకుందో లేదో నాకు తెలియదు. ఆమె వెళ్ళాక కళావతి ఆ రోజంతా ఎవరితోనూ పోట్లాడలేదు. మాకే భయం వేసింది.

ఎనభై అయిదు ప్రాంతంలో ఒకసారి పనిమీద పురానాపూల్ వెళ్ళి ఆమె ఇంట్లో మంచినీళ్ళు అడిగాను. కృష్ణమ్మ కాళ్ళు పడిపోయి మంచంలో ఉంది. వంట, నీళ్ళు, మంచం శుభ్రం చెయ్యడం అన్నీ కళావతే. ఓదెలు రావడం మానేశాడట.

"ఇప్పుడైనా చెప్పొచ్చు కదా, నాకు ఏ మంత్రాలూ రావని?" అన్నాను.

"పన్ను ఊడేదాక చెప్పిన అన్నా. ఎవడిన్నడు? చెప్పినన్ని రోజులు కొట్టిండ్రు. చెప్పుడు బంద్ జేసినంక ఎవ్వడూ ముట్టలే. నాకేం ఫికర్?"

లోపలి నుంచి ముసలామె దగ్గు వినిపించింది. కళావతి పళ్ళెంలో అన్నం కలుపుకుని వెళ్ళింది. మంచం పక్కన కూర్చుంది. కృష్ణమ్మ నోరు తెరవలేదు. కళ్ళతో పళ్ళేన్ని చూపించింది. కళావతి మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, ఖాళీ నోరు తెరిచి చూపించింది. ముందరి పన్ను లేని సందు కనిపించింది. అప్పుడు ముసలామె నోరు తెరిచింది.

"రోజూ గిట్లనే" అంది కళావతి, నా వైపు చూడకుండా రెండో ముద్ద కలుపుతూ.